ఖలీల్ అన్న కారుకు మంచినీళ్లు

నిన్న ఉదయం షాపు తెరిచి, ఖలీల్ అన్న కారు కోసం తెప్పించిన పాత టైర్లను చూస్తున్నాను. ఫోన్ మోగింది.

ఖలీల్ అన్నకు నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

నమ్మలేకపోయాను. అంతకుముందు సాయంత్రమే కదా, ఆయన నా ముందు స్టీరింగ్ పట్టుకుని నవ్వింది.

తెలియనివారికి చెబుతాను. ఖలీల్ అన్నకు కావలిలో బట్టల కొట్టు. నాది వీల్ అలైన్‌మెంట్ పని. యాభై దాటాక ఆయన మనసు డ్రిఫ్టింగ్ మీదికి పోయింది. మలుపులో కారు వెనక భాగాన్ని కావాలనే జారనిచ్చి, ఆ జారుడును అదుపులో ఉంచడమే డ్రిఫ్టింగ్.

మొదట బోగోలులో మెరిసిపోయే తెల్లకారు ఒకటి చూశాం. అడుగున స్క్రూడ్రైవర్‌తో తట్టాను. ఉప్పుగాలికి తుప్పుపట్టిన రేకు పొడిగా రాలింది.

చివరికి ఉదయగిరి వైపు, సముద్రగాలి తగలని ఊళ్లో, వెనక చక్రాలకు పవర్ వెళ్లే పాత మాన్యువల్ గేర్ల కారు దొరికింది. తలుపులన్నీ సొట్టలే. అడుగు చట్రం, అదే ఛాసిస్, మాత్రం గట్టిది.

"దీన్ని తీసుకపోతే మీ వదిన నన్ను ఇంట్లోకి రానిస్తాదా రమణా?"

"సొట్టలు నేను చూసుకుంటానన్నా. మీరు అడుగు చూడండి."

ఆయనకు వెంటనే ఇంజిన్ జోరు పెంచే టర్బో కావాలి. నేను ఒప్పుకోలేదు. ముందు సీటు, బెల్టు, బ్రేకులు. తర్వాత వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా డిఫరెన్షియల్ లాక్. ముందు చక్రాలు ఇంకాస్త వంపు తిరిగేలా స్టీరింగ్.

"పెండ్లికొడుక్కి చెప్పులు తొడిగేదానికే నెల పట్టించినావే" అని ఎగతాళి చేసేవారు.

జువ్వలదిన్నె దారిలో మూతపడిన రొయ్యల మేత గోదాము ఉంది. యజమాని అనుమతితో దాని సిమెంటు ఆవరణే మా మైదానం. తిప్పడం అయ్యాక, మేం టీ తాగకముందే, సముద్రగాలి ఉప్పు నిలవకుండా కారు అడుగంతా మంచినీళ్లతో కడగాలి. నియమం నాది. పట్టుదల ఆయనది.

నూర్జహాన్ వదినను పక్కన కూర్చోబెట్టుకుని, ఆగకుండా ఒక ఎనిమిది అంకె చుట్టాలని ఆయన కోరిక. వదిన రానంటే రానన్నారు. అంకె కూడా కుదరలేదు. రెండో సున్నాలోకి మళ్లేటప్పుడల్లా కారు గిర్రున తిరిగి నిలిచిపోయేది.

మొన్న ఆదివారం పట్టు పెరిగేలా వెనక టైర్లలో గాలి కొద్దిగా తగ్గించాను. ఏమనుకున్నారో, ఆరోజు వదిన హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నారు.

కారు మొదటి సున్నా చుట్టింది.

రెండో వైపుకు ఒరిగింది.

రెండోది కూడా చుట్టింది.

వదిన కారు ఆగగానే హెల్మెట్ అద్దం పైకెత్తి, "ఈ సంబరానికా ఇన్ని ఆదివారాలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టినావు?" అన్నారు. "ఊ, ఇంకోసారి తిప్పు."

పొద్దుగూకేదాకా తిప్పారు.

"అలసటగా ఉండాది రమణా. రేపు కడుగుదాంలే" అన్నారు దిగి. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

నిన్న ఖననం అయ్యాక ఇంటికి వెళ్తే, భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువులో ఉన్న వదిన తలుపు వెనక నుంచి అడిగిన మొదటి మాట: "బండి కింద నీళ్లు కొట్టినావా?"

ఈ ఉదయం కడిగి, ఫోటో వదినకు పంపాను.

అడుగున ఎక్కడా తుప్పు లేదన్నా. నిశ్చింతగా నిద్రపోండి. ఆ దేవుడు మిమ్మల్ని చల్లని చోట ఉంచాలి.