వీల్‌చెయిర్ పట్టే బండి

ఇంటింటికీ తిరిగి కట్లు కట్టే నర్సమ్మకు బ్యాటరీ సాయంతో పెట్రోలు తక్కువ తాగే హైబ్రిడ్ ఎస్‌యూవీ కావాలి. ఏ షోరూముకు వెళ్లినా తన అమ్మ వీల్‌చెయిర్‌ను వెంట తీసుకెళ్లేది. కుర్తా చేతులు పైకి లాక్కుని, తానే దాన్ని మడిచి డిక్కీలోకి ఎత్తి చూసేది. ఒకచోట కొత్త బండి డిక్కీ అంచు ఆమె నడుముకన్నా ఎత్తు.

"మేం ఎక్కిస్తాం కదా మేడమ్," అన్నాడు సేల్స్‌మన్.

"రోజూ మా ఇంటికొస్తావా బాబూ?" అని చెయిర్‌ను కిందికి దించేసుకుంది.

ఏడో చోట, ఐదేళ్లు వాడిన బండిలోకి చెయిర్ ఒక్క ఊపున ఎక్కింది. ధర కూడా అందుబాటులోనే ఉంది. అయినా మెకానిక్ బ్యాటరీ పరీక్షించి "బాగుందమ్మా" అనేదాకా ఆమె తాళం ముట్టుకోలేదు. ఆ సాయంత్రమే అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టింది.

"మళ్లీ ఆసుపత్రికేనా?" అంది రెండేళ్లుగా మరో చోటు చూడని అమ్మ.

"కాదు. నువ్వెక్కడికంటే అక్కడికి."