కట్టుడు పళ్ళూ, కూలిన కట్టడాలూ

పోయిన వస్తువుల కోసం వెతికేవాళ్ళను లోకం జాలిగా చూస్తుంది. లేనివాటి కోసం వెతికేవాళ్ళను ఎలా చూస్తుందో నాకు బాగా తెలుసు. నల్లగొండ పాత బజారులో నన్ను చాలాకాలం ‘బంగ్లాల పోరడు’ అన్నారు. ఆ బిరుదు న్యాయంగా సంపాదించుకున్నదే, అందులో ఎవరి కుట్రా లేదు. తెలంగాణ వచ్చిన కొత్త అది. చేతిలో డిగ్రీ, జేబులో స్మార్ట్‌ఫోను ఉన్నాయి కాబట్టి ఇక బుర్రతో పనిలేదని గట్టిగా నమ్మే వయసు నాది. ఆ నమ్మకంతోనే ఒక పూటంతా మూడు కట్టడాల కోసం ఎండలో తిరిగాను. మూడూ ఎప్పుడో కూలిపోయాయి. అవి కూలిన సంగతి తెలియకపోవడం నా తప్పు కాదు. కానీ వాటిలో ఒకటి నాకు ‘దొరికింది’ చూడండి, అది మాత్రం పూర్తిగా నా ప్రతిభే.

మాది కేతేపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. నల్లగొండలో ఒక కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు పంచే కొలువు దొరికితే, మా అవ్వ ఊరంతా తిరిగి ‘మనుమనికి పోస్టల్ డిపార్ట్‌మెంటుల నౌకరి’ అని చెప్పుకొచ్చింది. (నేను దిద్దలేదు.) మా మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు ‘రిటర్న్ సారు’. చిరునామా దొరకలేదని పార్సిల్ వెనక్కి తెస్తే ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు. నేను చేరినప్పటి నుంచీ ఆయన ఆరోగ్యం వరసగా దెబ్బతింటూ వచ్చింది. చివరికి ఒకరోజు పొద్దున్నే పిలిచి, ఒక చిన్న అట్టపెట్టె చేతిలో పెట్టి, “గిది గూడ వాపస్ తెచ్చినవంటే, దీంతోపాటు నిన్ను గూడ మీ ఊరికి వాపస్ పంపుత. కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంట” అన్నాడు. పెట్టె మీద హైదరాబాద్‌లోని ఒక పళ్ళ డాక్టరు ముద్ర ఉంది. లోపల కట్టుడు పళ్ళు. (మావైపు తినే పండ్లూ పండ్లే, తినిపించే పండ్లూ పండ్లే. కాబట్టి పైన ‘జాగ్రత్త, పండ్లు’ అని ఎవరో రాస్తే, ఒలిచి చూడబోయిన మా క్లర్కు తప్పేమీ లేదు.)

చిరునామా ఇలా ఉంది: ‘పాత పోస్టాఫీసు ఎదురుగా, సోడా దుకాణం సందు, కొత్త బంగ్లా పక్కన, పాత బజారు.’ ఇంటి నంబరు లేదు. ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే అంతకుముందే ఆ బజారులో రోడ్డు వెడల్పు చేశారు. గోడల మీద ఎర్ర రంగు గీతలు గీసి, గీతకు ఇవతల ఉన్న ఇంటిని కోసేశారు. వరండాలు పోయాయి, దర్వాజాలు పోయాయి, దర్వాజాల మీది నంబర్లూ వాటితోనే పోయాయి. సగం కోసిన ఇళ్ళలో లోపలి గదుల నీలం సున్నం, దీపం గూళ్ళు, క్యాలెండర్ తగిలించిన మేకులు అన్నీ రోడ్డు మీదికి కనిపిస్తుండేవి. ఒకరి పడకగది గోడను బస్సులో పోయేవాళ్ళందరూ చూసే అవకాశం అభివృద్ధి వల్లే కలిగింది. అయితే ఆ బజారు జనం మాత్రం యంత్రం వచ్చి కూల్చినదాన్ని కూలినట్టుగా ఒప్పుకోలేదు. దారి చెప్పాలంటే వాళ్ళకు లేని కట్టడాలే గుర్తులు. కళ్ళముందున్న నాలుగంతస్తుల షాపును వదిలేసి, “గాడ సరాయి ఉండె సూడు” అని, ఎప్పుడో పోయిన సత్రం కోసం ఖాళీ గాలిని వేలుపెట్టి చూపించేవారు. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, ‘కొత్త బంగ్లా’ పాతబడి పడిపోయింది, ‘పాత బంగ్లా’ను పడగొట్టి కొత్తగా కట్టారు. పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. ఆరోజు తెలిసింది ఒకటే: నా ఫోనులో మ్యాపు ఉంది. కానీ బజారు మొదట్లోనే అది నీలం చుక్కను గిరగిరా తిప్పి ఊరుకుంది. సరే, మనిషిని అడుగుదామని పక్కనున్న చాయ్ హోటల్‌లోకి వెళ్ళాను. ఆ హోటల్ యజమానిని అందరూ నక్షా మామ అనేవాళ్ళు. నక్షా అంటే పటం. ఆ బజారు పటం మొత్తం ఆయన తలలోనే ఉండేదట. ఆ తల నా ఫోను వైపు ఒకసారి, నా వైపు ఒకసారి తిరిగింది.

“పాత పోస్టాఫీసు ఎక్కడ మామా?”

“ఏ ఊరు బిడ్డా మనది?”

“కేతేపల్లి దిక్కు.”

“గందుకే” అని, చాయ్ వడపోస్తూనే, “సోడా దుకాణం ఎరికేనా?” అన్నాడు.

“తెల్వదు.”

“కొత్త బంగ్లా పక్కపొంటి ఉంటది.”

“కొత్త బంగ్లా ఎక్కడ?”

“గట్లడుగుతవేందయ్యా! పోస్టాఫీసు ఎదురుంగనే గద.”

చాయ్ తాగుతున్నవాళ్ళంతా గ్లాసులు దించి నవ్వారు. మూల బల్ల మీద, ముక్కు నుంచి గడ్డం దాకా రుమాలు చుట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. పాపం, నామీద దయతలచి, నోరు విప్పకుండా చేత్తోనే ‘సీదా పోయి ఎడమకు తిరుగు’ అని సైగ చేశాడు. ఈ బజారులో ఒక్క పెద్దమనిషైనా ఉన్నాడని సంతోషించి దణ్ణం పెట్టి బయల్దేరాను.

సీదా పోయి ఎడమకు తిరిగితే ఇప్పటి పోస్టాఫీసు వచ్చింది. అక్కడి ఉద్యోగి, “పాతదంటే ఏ పాతది? దీనికి ముందున్నదా, దానికి ముందున్నదా?” అని నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. దాన్ని వదిలి ‘కొత్త బంగ్లా’ పట్టుకుందామనుకున్నాను. సరిగ్గా అప్పుడే, రోడ్డు చివర అద్దాలతో ధగధగలాడుతూ ఒక బట్టల షోరూమ్ కనిపించింది. గుమ్మం దగ్గర మీసాల కాపలాదారుణ్ణి, “ఇది కొత్త బంగ్లానా అన్నా?” అని అడిగాను. “కొత్తదే. మొన్ననే ఓపెనింగ్ అయ్యింది” అన్నాడాయన గర్వంగా. అదీ నాకు బంగ్లా దొరికిన వైనం. ‘పక్కన’ ఉన్న ఇల్లేదో ఎవరైనా చెబుతారని లోపలికి వెళితే, నన్ను పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, “పెండ్లి చీరెలేనా సార్?” అంటూ నా ముందు చీరలు గుట్ట పోశారు. కట్టుడు పళ్ళ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కట్టు చీరలు చూస్తూ, బయటపడే దారి తెలియక, అంచు నచ్చలేదని, రంగు నచ్చలేదని చాలాసేపు వంకలు పెట్టాను. చివరికి “మా అవ్వను తీసుకొస్త” అని చెప్పి బయటపడ్డాను.

పార్సిల్ మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే, వెనక బ్యాండు మేళం హోరులో ఒక ఆడమనిషి అరిచింది: “కొరియరా అన్నా? జల్ది రా! ఇంట్ల పెండ్లి. మా మామ పండ్లు లేకుండ వియ్యాలోళ్ళ ముంగట నోరు తెరువనని జిద్దు పట్టిండు. పెద్దమనిషి లేకుండ మాటెట్ల నడుస్తది? మగపెండ్లోళ్ళు వచ్చే యాళ్ళాయె!” అడ్రస్ చెప్పమంటే, “సోడా దుకాణం సందుల” అని పెట్టేసింది. అప్పటిదాకా నా ఉద్యోగం ఒక్కటే ప్రమాదంలో ఉందనుకున్నాను. ఇప్పుడు ఒక పెళ్ళి కూడా నా సంచిలోకి వచ్చి పడింది.

పరుగెత్తుకుంటూ మళ్ళీ హోటల్ ముందుకు వచ్చి, రోడ్డు మీద నుంచే అరిచాను. “మామా, దండం పెడుత. పెండ్లి ఆగిపోయెటట్టున్నది. పోస్టాఫీసు యాడనో సక్కగ చెప్పు!”

మామ తాపీగా బయటికి వచ్చాడు. “నువ్వు నిలబడ్డదే పోస్టాఫీసు వరండ. ఉత్తరాల డబ్బ గా డివైడర్ల పూలచెట్టు కాడ ఉండె. రోడ్డేసినప్పుడు పోయింది.”

“సోడా దుకాణం?”

“గదీ పోయింది.”

“కొత్త బంగ్లా?”

“అది మా నాయిన ఉన్నప్పుడే కూలింది.”

ఇన్ని లేనివాటి మధ్య ఉన్నదేదో నాకప్పుడు కనిపించింది. రోడ్డుకు అవతల, కోసేసిన ఒక సగం ఇల్లు. దాని వెనకనుంచే బ్యాండు చప్పుడు. దూకి వెళ్ళి చూస్తే రోడ్డు వైపు దర్వాజా లేదు, ఉత్త గోడ. అరిచాను, చేతులతో బాదాను. మేళం ముందు నా గొంతెంత! మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఆమె ఏడుపు గొంతుతో, “వచ్చినవా అన్నా? దర్వాజ ఎనకదిక్కు పెట్టుకున్నం, సుట్టు తిరిగి రావాలె. గని మా మామనే కనిపిస్తలేడు. సుట్టాలు నవ్వుతరని పొద్దుగాల్నే ఎటో పోయిండు. నక్షా మామ హోటల్ల సూడు జర. నోటికి రుమాల్ కట్టుకొని ఉంటడు” అంది.

రోడ్డు దాటి మళ్ళీ హోటల్‌లోకి వెళ్ళాను. మూల బల్ల మీద నా పెద్దమనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి, ఇంకా దొరకలేదా అన్నట్టు, ఎంతో జాలిగా, మళ్ళీ ‘సీదా పోయి ఎడమకు తిరుగు’ అని సైగ చేశాడు.

పెట్టె ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, గోడవైపు తిరిగి రుమాలు విప్పాడు. లోపలేదో సర్దుకున్న చప్పుడైంది. స్టీలు జగ్గులో మొహం చూసుకుని, ఇటు తిరిగి, కొత్త పళ్ళతో మొట్టమొదటి మాట నాకే ప్రసాదించాడు. “బేవకూఫ్! పొద్దటిసంది నా పండ్లు సంచిల ఏస్కొని నా ముంగట్నే తిరుగుతున్నవా!”

ఉక్రోషం పట్టలేక నక్షా మామ మీద పడ్డాను. “పండ్ల పార్సిల్ ఈ చాచాదేనని, ఈడనే ఉన్నడని ముందే చెప్పొద్దా మామా?”

“నువ్వు బంగ్లాలడిగినవ్, బంగ్లాలు జెప్పిన. మనిషి పేరు అడిగినవా?”

అడగలేదు. పార్సిల్ మీద ఇంత పొడుగు పేరు ఉంది. మా ఊళ్ళో అయితే పేరు చెబితే చాలు, చేయి పట్టుకుని ఇంటిదాకా దిగబెడతారు. కానీ పేరు పెట్టి అడగడం పల్లెటూరి పద్ధతి, పట్నంలో అడ్రసే అడగాలి అని నాకు నేనే ఒక చట్టం చేసుకున్నాను. అలా పట్నంవాడిలా కనబడాలని తాపత్రయపడి, ఆ పట్నంలోనే అందరికన్నా పెద్ద మొద్దుగా తేలాను.

చాచా నా చేయి పట్టుకుని, ఇల్లు చుట్టూ తిప్పి, వెనక దర్వాజాలోంచి పెళ్ళిలోకి తీసుకుపోయాడు. మగపెళ్ళివారికి ఎదురెళ్ళి ఆయన నవ్విన నవ్వు చాలా పెద్దది. మామూలుగా అంత అవసరం ఉండదు, పెట్టిన ఖర్చు అందరికీ కనిపించాలని కాబోలు. దావత్‌లో నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని బొక్కలు, అదే ఎముకలు, కొరికి చూపించాడు. సంతకం తీసుకుని వెళితే రిటర్న్ సారు ఆరోగ్యం కుదుటపడింది, నా ఉద్యోగం నిలిచింది. కానీ అదే దావత్‌లో నక్షా మామ ఈ కథను ప్రతి విస్తరికీ వడ్డించాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చాయ్‌తోపాటు అమ్మాడు. చీరల దుకాణం భాగం నేనే నోరుజారి చెప్పాను. అది చేరాక గిరాకీ ఇంకా పెరిగింది. నేను గుమ్మంలో కనబడితే చాలు, “రా బంగ్లాల పోరడా, పోస్టాఫీసు ఇయ్యాల యాడున్నది?” అనేవాడు.

ఈ మధ్య, జ్వరం చేసినట్టు, ఊరికి మళ్ళీ అభివృద్ధి చేసింది. ఈసారి సుందరీకరణ అన్నారు. కూడలిలో ఫైబర్ జింకలు నిలబడ్డాయి. ఊరి పేరు పక్కన ఎర్రటి గుండె బొమ్మ పెట్టి ఒక బోర్డు వెలిసింది. (ఊరిని ప్రేమిస్తున్నామని చెప్పే ఆ బోర్డుకు జాగా కావాలని ఊరిలో కొంత పడగొట్టారు.) ఆ పడగొట్టిన దాంట్లో నక్షా మామ హోటల్ ఒకటి. మామ ఊరి బయట కొడుకు కట్టుకున్న ఇంటికి పోయాడు. హోటల్ జాగాలో అద్దాల కాంప్లెక్సు లేచింది. కింద మొబైల్ షాపు, ఏటీఎం, పైన మా కొరియర్ ఆఫీసు. ఇప్పుడు నేనే అందులో మేనేజర్ని. నాకేం పేరు పెట్టారో నాకు చెప్పేవాళ్ళు లేరు.

మొన్నొకరోజు ఫోను. “బంగ్లాల పోరడా, నా మోకాళ్ళ పట్టీలు మీ ఆఫీసుకు వచ్చినయంట. నా కొత్త ఇల్లు మీ పోరగాళ్ళకు దొరుకుతలేదంట! నేనే వస్త. ఆఫీసు యాడ?”

ఏటీఎం పైన అంటే అయిపోయేది. “నక్షా మామ హోటల్ ఉండె సూడు మామా, దాని మీదనే” అన్నాను.

“మంచిది” అని పెట్టేశాడు.

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మామ ఆటో ఎక్కడో ముందే దిగాడు. జింకల దగ్గర ఆగాడు, గుండె బొమ్మ చుట్టూ తిరిగాడు, మా ముందు నుంచే దాటిపోయి మళ్ళీ వచ్చాడు. మొబైల్ షాపు కుర్రాణ్ణి ఏదో అడిగితే, వాడు ఫోనులో వెతికి తల అడ్డంగా ఊపాడు. వెంటనే దిగిపోవలసింది. నేను చాయ్ చివరి గుక్కదాకా తాగి దిగాను.

“పై నుంచి సూస్తనే ఉన్నవా రా?” అన్నాడు నన్ను చూడగానే.

“చాయ్ అయిపోయేదాక సూసిన మామా.”

“నేనైతే నిన్ను ఇంకింతసేపు తిప్పేటోన్ని” అని నవ్వి, మోకాళ్ళు పట్టుకుని, “మెట్లు యాడున్నయ్?” అన్నాడు.

“నీ చాయ్ పొయ్యి ఉండె సూడు, దాని ఎనకనే.”

నా చేయి పట్టుకుని మామ కదిలాడు. గట్టిగా, ధీమాగా, ఏటీఎం వైపు. రెండడుగులు వేసి ఆగాడు. మెట్లు అటు లేవు. నేను కొంచెం ఆగి, భుజం పట్టుకుని మెల్లగా ఇటు తిప్పాను. ఆ కొంచెం ఆగడమే నేను తీర్చుకున్న పగ. ఇంకాస్త ఆగుదామనే ఉండింది గానీ, ముసలాయన నా చేయి వదల్లేదు.