పేరు రాయని అర్జీ

నా రాత బాగుండదు. ఒత్తులు తప్పుతాయి. ఐదో తరగతితో ఆగిన చదువు. మన్నించి, కూడబలుక్కునైనా చివరిదాకా చదవండి.

ఆ ఐదు తరగతులూ చెప్పిన మా సారు పోయిన బుధవారం పోయారు. నేను మరమగ్గాల షెడ్డులో కండెలు చుడుతుంటే మా తమ్ముడి భార్య వచ్చి చెప్పింది. చప్పుడుకు వినపడలేదు. రెండోసారి చెవి దగ్గరికి వచ్చి, "బావా, సారు లేడు" అన్నది. చేతిలో దారం తెగింది. ముడి వేయబుద్ధి కాలేదు.

సారు సంగతి చెప్పాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి. ఊళ్ళల్లో పోలీసు జీపులు, అడవిలో అన్నలు తిరిగే కాలం అది. ఇద్దరికీ భయపడి బతికేవాళ్ళం. ఒకనాడు మధ్యాహ్నం తమ్ముడు సైకిలుకు ఆకుపచ్చ గుడ్డ తాను కట్టుకొని కోరుట్లకు పోతున్నాడు. ఆడవాళ్ళ లంగాలకు నేసిన గుడ్డ. అన్నల బట్టలకని ఎవరు చెప్పారో, దారిలో పోలీసులు జీపు ఎక్కించుకున్నారు. సైకిలు దొరికింది. తమ్ముడు దొరకలేదు. ఏ ఠాణాలో అడిగినా మా దగ్గరికి రాలేదన్నారు.

సారు పేపరులో ఒక ముక్క కత్తిరించి దాచారు. దేశమంతటికీ కొత్త చట్టం వచ్చిందనీ, ఇట్లాంటివి జరిగితే ఢిల్లీలో మానవ హక్కుల కమిషనుకు ఎవరైనా రాయొచ్చనీ, స్టాంపూ వకీలూ అక్కరలేదనీ, కానీ ఏడాది లోపలే రాయాలనీ చెప్పారు.

"ఢిల్లీకి తెలుగు రాదు గద సారూ" అన్నాను.

"రాకుంటే సదివేటోళ్లను పెట్టుకుంటరు. గది వాళ్ల తిప్పలు. నువ్వు రాయి."

"మీరే రాయుండ్రి. మీ రాత మంచిగుంటది."

"నా రాత మంచిగనే ఉంటది రా. గని ఏడుపు నీది. నీ చేతితోనే రాయాలె."

అందరికీ అంతే. పింఛనుకైనా, రేషను కార్డుకైనా, సారు పక్కన కూర్చొని చెప్పేవారు. అసలు అక్షరం రానివాళ్ళకు తప్ప కలం పట్టేవారు కాదు. రాయడం అయ్యాక పైకి చదివించేవారు. ఆకుపచ్చ గుడ్డ దగ్గరికి వచ్చేసరికి నేను ఆ వరుసనే రెండుసార్లు చదివాను. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అవతలికి తిరిగారు.

"రాజలింగం, కింద పేరు, ఊరు రాయి. పేరు లేకుంటే వాళ్లు పట్టించుకోరు. జవాబు రానీకి తొవ్వ ఉండాలె గద."

"ఇంటికి పోయి రాసి, పోస్టు డబ్బాల ఏస్త సారు."

రాయలేదు. మూడు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాను. పేరు రాస్తే ఈసారి జీపు నాకోసం వస్తుందని భయం. ఇంట్లో చంటిపిల్లలు. చివరికి పేరు లేకుండానే డబ్బాలో వేశాను. సారుకు చెప్పలేదు.

అప్పటి నుంచి పోస్టు వచ్చే వేళకు సారు తన ఇంటి అరుగు మీద కూర్చునేవారు.

"ఢిల్లీ నుంచి ఏమన్న వచ్చిందా?"

"రాలే సారు. ఢిల్లీల మీకు సుట్టాలెవరు?" అని పోస్టుమాన్ నవ్వేవాడు.

"ఉన్నరు తియ్యి. కొత్తగ అయిన్రు."

నేను కనబడితే, "వస్తది రా. పెద్ద ఆఫీసు, జర ఆలస్యమైతది" అని నాకే ధైర్యం చెప్పేవారు. నేను తల వంచుకొని పోయేవాణ్ణి.

ఏడాది దాటాక చెప్పాను. తిట్టలేదు. అరుగు గచ్చును వేలితో గీసుకుంటూ కూర్చున్నారు. "గా రోజే చెప్తే నా పేరు పెట్టెటోన్ని గదరా" అన్నారు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం మరిచిపోలేదు.

తర్వాత మరదలి పింఛను కోసం తిరిగారు. మనిషి పోయినట్టు కాగితం లేనిదే వితంతు పింఛను రాదు. "పోయిండని నా నోటితోని నేనెట్ల అంట సారూ" అని ఆమె ఏడ్చేది. ఎన్నో ఏళ్ళకు కోర్టు కాగితం వచ్చాక మండలాఫీసులో వేలిముద్ర వేసింది. బయటికి వచ్చి ఆ వేలిని చూసుకుంటూ నిలబడిపోయింది. సారు తువ్వాలు కొస తడిపి, ఆమె బొటనవేలి సిరా తుడిచారు.

"ఇది ఆఫీసోళ్ల కోసం ఏసినం బిడ్డా. మనం ఎదురుచూసుడు ఆపలే."

ఆపలేదు. మంచాన పడ్డాక కూడా పోస్టు వేళకు మంచం అరుగు మీదికి వేయించుకున్నారు.

పేపరువాళ్ళకు పంపుతున్న ఈ ఉత్తరానికి ఈసారి కింద పేరు రాస్తున్నాను. ఆ రోజుల్లో కోరుట్ల దారిలో సైకిలుకు ఆకుపచ్చ తాను కట్టుకున్న మనిషిని, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉన్నవాణ్ణి, చూసినవాళ్ళు గాని, ఏ దవాఖానలోనో ఏ ఠాణాలోనో ఉన్నాడని విన్నవాళ్ళు గాని ఉంటే, తొందరగా రెండు ముక్కలు రాయండి. మంచి కబురు కాకపోయినా రాయండి. పోస్టు వచ్చే వేళకు నేను సారు అరుగు మీద ఉంటున్నాను. ఆయన వీపు ఆనించిన చోట గోడ సున్నం అరిగి నున్నగా ఉంది. అక్కడ ఆనుకోకుండా, కొంచెం పక్కకు జరిగి కూర్చుంటున్నాను.

ఇట్లు,
రాజలింగం,
కోనరావుపేట.