జరగని ఆపరేషన్‌కి పథ్యం

ఆపరేషన్ రోజు పొద్దున్న చిన్నక్క ఆస్పత్రి నుంచి పారిపోయింది.

పారిపోవడమంటే గోడ దూకి కాదు. ముందురోజు సాయంత్రం నుంచి పేగులు కడిగే మందు తాగించారు. చెవులకీ మెడకీ ఉన్నవన్నీ తీయించారు. వెనక ముడులు వేసే ఆకుపచ్చ గౌను తొడిగారు. స్ట్రెచరు తేవడానికి వెళ్తున్న నర్సు బుగ్గ తట్టి, "ఇంకేముందమ్మా, సాయంత్రానికల్లా ఆడపిల్లవైపోతావు" అంది. ప్రేమగానే అంది. ఆవిడ అటు వెళ్ళగానే చిన్నక్క లేచింది. బాత్రూములోకి వెళ్ళి బట్టలు మార్చుకుంది. సంచి చంకనేసుకుని మెట్లు దిగి, రోగుల్ని చూడ్డానికొచ్చిన జనంలో కలిసి గేటు దాటేసింది. బస్సెక్కాక చూసుకుంటే చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ అలాగే ఉంది. పళ్ళతో కొరికి తెంపి సీటు కింద పడేసింది.

చిన్నక్క సోఫాలు బాగుచేసే వర్క్‌షాపులో కవర్లు కుడుతుంది. నలభైకి దగ్గర పడ్డ మనిషి. ఒకప్పుడు అదే వర్క్‌షాపులో ముందు గదిలో, మగవాళ్ళ మధ్య చెక్క ఫ్రేములు బిగించేది. అప్పట్లో ఆమెకి మగపేరుండేది, వదులు చొక్కాలుండేవి, నోట్లో మాటుండేది కాదు. కొన్నేళ్ళ కిందట ఒకరోజు పొడుగు గౌను వేసుకుని వచ్చి, ముందు గదిలో ఆగకుండా వెనక మిషన్ల గదిలోకి నడిచి, "నేనిక్కడ కూర్చుంటాను" అంది. కుట్టే ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ ఎగాదిగా చూసి, "కూర్చుంటే కూర్చుందువుగానీ, జిప్పు వెయ్యడం వచ్చా?" అంది. రాదు. నేర్చుకుంది. పెద్దక్క పక్క మిషన్ మీద కూర్చుంటుంది కాబట్టి చిన్నక్క అయింది.

పేరు మారింది, గది మారింది, మాత్రలతో మెల్లగా ఒళ్ళూ మారింది. ఒక ప్రశ్న మాత్రం వదల్లేదు. "అయిందా?" ఏది అయిందో ఎవరూ చెప్పరు. పక్కింటావిడ అడిగేది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అడిగేవారు. ముందు గది కుర్రాళ్ళు అడక్కుండానే నవ్వుకునేవారు. అన్నయ్య అదీ అడగలేదు. "ఇదంతా ముదిరిన పిచ్చి. కత్తి దాకా వస్తే వాడే పారిపోయొస్తాడు, రాసి పెట్టుకో" అని వదినతో అన్నాడట. ఆ తర్వాత మాట్లాడ్డమే మానేశాడు. వదిన మాత్రం ఆయన ఇంట్లో లేనప్పుడు ఫోన్ చేసి, ఏ పేరుతో పిలవాలో తెలియక "ఏమోయ్" అంటూ నెట్టుకొచ్చేది.

ఆపరేషన్ తేదీ ఖాయమైందని చెప్పినప్పుడు ఆ వదినే ఫోన్‌లో తేదీ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. చివరికి, "అయితే నిజమేనన్నమాట" అంది. "నేనొస్తాను. స్కూలుకి సెలవులిచ్చేదాకా బస్సు వదిలి రాలేను, ఇచ్చిన మర్నాడే వస్తాను. ఆడపడుచుకి ఆపరేషనైతే వదిన కాక ఇంకెవరొస్తారు?" వదిన స్కూలు బస్సులో చంటిపిల్లల్ని ఎక్కించి దించే ఆయా. ఆడపడుచు అనే మాట ఆమె నోట రావడం అదే మొదలు. ఆ రోజు చిన్నక్క కుట్టిన సీము వంకర పోతే పెద్దక్క తిట్టింది కూడా.

ఇప్పుడు ఆ చిన్నక్కే తన ఇంట్లో తను దొంగలా దూరి లోపల గడియ వేసుకుంది. ఊళ్ళో అందరి లెక్కలో ఆమె ఆస్పత్రిలో ఉంది. కిటికీ తెరవలేదు. దీపం వెయ్యలేదు. ఆస్పత్రి వాళ్ళు చేస్తారని ఫోన్ ఆపేసింది. కుళాయి చప్పుడు పక్కింటికి వినపడకుండా సన్నటి ధారతో బకెట్ నింపుకునేది. ఉన్న బిస్కెట్లు, బ్రెడ్డు తిని, అవి అయిపోయాక మంచినీళ్ళతో సరిపెట్టుకుంది. పడుకుంటే అన్నయ్య మాటే చెవిలో మోగేది. కత్తి దాకా వస్తే వాడే పారిపోయొస్తాడు. 'అంతేనేమో. ఇన్నేళ్ళూ నేనిది అని అందరితో పోట్లాడి, తీరా పరీక్ష పెట్టేసరికి పారిపోయాను. నేను చెప్పుకున్నదంతా ఉత్తదేనేమో' అనుకునేది. అద్దం వైపు పోవడానికి మొహం చెల్లేది కాదు.

సెలవులిచ్చిన మర్నాడు వదిన ఆస్పత్రికి పోయేముందు సంచీలు పక్కింట్లో పెట్టిపోదామని వచ్చి, తలుపుకి తాళం లేకపోవడం చూసి తట్టింది. లోపల అలికిడి విని, "ఎవరదీ?" అని గట్టిగా అరిచింది. తియ్యక తప్పలేదు. తిండిలేక పీక్కుపోయి, గోడ పట్టుకుని వంగి నిలబడ్డ చిన్నక్కని చూసి వదిన సంచీలు అక్కడే వదిలేసింది.

"అయ్యో నా తల్లీ, అప్పుడే పంపించేశారా? ఆ డాక్టర్లకి బుద్ధుందా? ఒక్కదానివే ఎలా వచ్చావే?"

చిన్నక్క అబద్ధం ఆడలేదు. "ఊ" అంది. అంతే. మిగతాదంతా వదినే అల్లుకుంది.

ఆ "ఊ" అన్నందుకు చిన్నక్క పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. వదిన ఆమెని మంచం దిగనివ్వలేదు. వేణ్ణీళ్ళు కాచింది. మెత్తగా ఉడికించినవే పెట్టింది, కారం ముట్టుకోనివ్వలేదు. బకెట్ ఎత్తబోతే చెయ్యి మీద ఒక్కటేసింది. కాళ్ళు నొక్కింది. "కింద నువ్వే శుభ్రం చేసుకో తల్లీ, నేను చూడను, నాకూ సిగ్గే" అని బాత్రూము బయట తువ్వాలు పట్టుకుని వీపు తిప్పి నిలబడేది. లోపల చిన్నక్క ఉత్తినే నీళ్ళు పోసి చప్పుడు చేసేది. ఎక్కడా గాయం లేని ఒంటి మీద గాయానికి పోసినట్టు నీళ్ళు పోస్తుంటే, ఆ నీళ్ళలోనే కొట్టుకుపోతే బాగుండుననిపించేది.

వదిన వాకిట్లో పక్కింటావిడతో, "మా ఆడపడుచుకి ఆపరేషనైంది, కాస్త గట్టిగా తలుపులు వెయ్యకండమ్మా" అని చెబుతుంటే గోడవతల నుంచి వినపడేది.

ఒక మధ్యాహ్నం కాళ్ళు నొక్కుతూ నొక్కుతూ వదిన తనంతట తనే మొదలుపెట్టింది. "నాకు గర్భసంచీ తీసేశారని తెలుసుగా. ఇంటికొచ్చాక చాన్నాళ్ళు అద్దంలో చూసుకుంటే, ఇంకా ఆడదాన్నేనా అనిపించేది. మీ అన్నకి చెప్తే నవ్వుతాడని చెప్పలేదు. మా అమ్మకీ చెప్పలేదు. నీకైతే అర్థమవుతుందని చెప్తున్నా." కళ్ళు తుడుచుకుంది.

చిన్నక్క కాళ్ళు వెనక్కి లాక్కుంది. "నొప్పా?" అని వదిన కంగారు పడింది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్న నిజాన్ని ఆవిడ చేతిలో పెడుతుంటే, తన దగ్గర తిరిగివ్వడానికి ఒక్క "ఊ" మాత్రం ఉంది.

అది చాలదన్నట్టు వర్క్‌షాపు వాళ్ళు చూడ్డానికొచ్చారు. పెద్దక్క, మిగతా కుట్టేవాళ్ళు, వాళ్ళ వెనక ముందు గది మేస్త్రి. చిన్నక్క ఆయన్ని బాబాయ్ అంటుంది; ఫ్రేములు బిగించడం నేర్పింది ఆయనే. గౌను వేసుకొచ్చిన రోజు నుంచి పని గురించి తప్ప మాట్లాడని మనిషి. ఆయన సంచీలోంచి ఒక దిండు తీశాడు. గుండ్రంగా, మధ్యలో చిల్లితో, మందపాటి ఫోమ్ కోసి చేసింది. పైన ఖరీదైన సోఫాలకి వాడే ముదురు నీలం వెల్వెట్. "కూర్చుంటే ఒత్తుకోకుండా ఉంటుందని" అని గోడవైపు చూస్తూ అన్నాడు. "కవరు నేనే కుట్టాను. నీ అంత బాగా రాలేదు."

"కూర్చో, కూర్చో, ఎలా ఉందో చూడు" అన్నారు ఆడవాళ్ళంతా. వదిన రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. చిన్నక్క పళ్ళు బిగించి, నొప్పి ఉన్నదానిలా మెల్లగా కూర్చుంది. అందరూ హమ్మయ్య అన్నారు. ఆమెకి భూమి చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది.

వాళ్ళు వెళ్ళాక వదిన మొహం వెలిగిపోతూ చెప్పింది. "నీకో మాట. మీ అన్న ఆదివారం వస్తానన్నారు. 'నిజంగానే చేయించుకుందా?' అని రెండుసార్లు అడిగారు. చేయించుకుందా అన్నారు, విన్నావా? చేయించుకున్నాడా అనలేదు."

చిన్నక్క ఇంక ఆగలేకపోయింది. "వదినా, నాకు ఆపరేషన్ కాలేదు."

"కాలేదంటే? సరిగ్గా చెయ్యలేదా?"

"అసలు చెయ్యలేదు. పారిపోయొచ్చాను. నువ్వొచ్చేదాకా ఇక్కడే దాక్కున్నాను."

వదిన నవ్వబోయి, ఎదుటి మొహం చూసి ఆగిపోయింది. "మరి ఇన్నాళ్ళూ నా చేత కాళ్ళు పట్టించుకున్నావా?"

"తప్పే వదినా."

"ఆ మాట... ఆ గర్భసంచీ మాట నీకు చెప్పుకున్నానే!" ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "అయితే ఇదంతా వద్దనుకున్నావా? మళ్ళీ మునుపట్లాగా..."

"లేదు. అది మాత్రం అబద్ధం కాదు. ముందు భయమేసిందనే అనుకున్నాను. తర్వాత ఈ చీకట్లో కూర్చుంటే తెలిసింది. ఆ ఆపరేషన్ నాకు కావాలా అని నన్ను నేనెప్పుడూ అడిగి చూసుకోలేదు వదినా. అయిందా అయిందా అని అడిగేవాళ్ళ నోళ్ళు మూయించాలని ఒప్పుకున్నాను. నర్సు 'సాయంత్రానికి ఆడపిల్లవవుతావు' అంటే, మరి ఇన్నాళ్ళూ నేనెవర్ని అనిపించింది."

"అదేదో నాకు తలుపు దగ్గరే చెప్పి ఏడవచ్చుగా!"

"నువ్వు ఆడపడుచు అన్నావు. అది పోతుందని చెప్పలేకపోయాను."

వదిన బట్టలు సంచీలో కుక్కుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. గడప దగ్గర వెనక్కి తిరక్కుండా, "మీ అన్నకి నేను చెప్పను. నీ నోటితో నువ్వే చెప్పుకో" అంది.

ఆదివారం అన్నయ్య పళ్ళు పట్టుకుని వచ్చాడు. లోపలికి రాకముందే చిన్నక్క గుమ్మంలో నిలబడి చెప్పేసింది. ఆయన విని, "నేనప్పుడే చెప్పలేదూ?" అన్నాడు. ఆమె ఇన్నేళ్ళూ ఏ మాటకి భయపడిందో అదే మాట, అక్షరం పొల్లుపోకుండా. చిన్నక్క చెంపలు మండిపోయాయి. కానీ పడిపోలేదు. "చెప్పావు అన్నయ్యా. పారిపోయింది నిజం. అంతమాత్రాన నీ తమ్ముణ్ణి కాలేను" అంది. ఆయన పళ్ళ సంచీ గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మర్నాడు వర్క్‌షాపులో చెప్పడం అంతకంటే కష్టమైంది. పెద్దక్క ఆ రోజంతా మాట్లాడలేదు. సాయంత్రం దారం రీలు విసిరినట్టు ఇస్తూ, "మా అందరి గుండెలూ ఆగేలా చేశావు కదే" అంది. నీలం దిండు పట్టుకుని చిన్నక్క మేస్త్రి దగ్గరికి పోయి తలొంచుకుని నిలబడింది. "నాకిది తగదు బాబాయ్, ఏమీ కాలేదు నాకు."

ఆయన ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇలా ఇచ్చెయ్ అయితే. నాకు మొలలు."

నెలలు గడిచాయి. ఆస్పత్రి గేటు ముందు నుంచి రెండుసార్లు తిరిగొచ్చేసి, మూడోసారి లోపలికెళ్ళింది. తిడుతుందనుకున్న డాక్టరమ్మ తిట్టలేదు. "బల్ల మీదదాకా వచ్చి లేచి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు" అంది. "ఇప్పుడు చెప్పు, నీకేం కావాలి? ఎవరికో కాదు, నీకు." చిన్నక్క గడువు అడిగింది. ఇంటికొచ్చి, మిషన్ తొక్కుతూ, వంట చేస్తూ, స్నానం చేస్తూ ఆలోచించింది. తన ఒంట్లో రోజూ తనతో పోట్లాడుతున్నది ఏదో, ఉన్నా పట్టనిది ఏదో ఒక్కొక్కటే చూసుకుంది. చివరికి తేల్చుకుంది. వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ కావాలి. వాటిని అణచడానికి వేసుకునే మాత్రలతో విసిగిపోయింది; అవి తనవని ఏనాడూ అనిపించలేదు. పెద్ద ఆపరేషన్ వద్దు. ఎప్పటికీ వద్దా అంటే తెలియదు. ఇప్పటికైతే వద్దు.

వదినకి ఫోన్ చేసింది. ఈ మధ్యలో చేసినవేవీ ఆవిడ ఎత్తలేదు. ఈసారి ఎత్తింది. అంతా విని, "ఈసారి ఆస్పత్రికే వస్తాను. కళ్ళతో చూస్తేగానీ నమ్మను" అంది. కోపం పోలేదని గొంతులో తెలుస్తూనే ఉంది.

అన్నట్టే వచ్చింది. ఆపరేషన్ గది బయట బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక వేణ్ణీళ్ళూ లేవు, కాళ్ళు నొక్కడమూ లేదు. "లేచి నడువు. అప్పుడు చేసిన సేవకీ దీనికీ చెల్లు" అంది. చిన్నక్క నోరెత్తకుండా గోడ పట్టుకుని నడిచింది. ఆడపడుచు అనే మాట ఈసారి వదిన అనలేదు. చిన్నక్క అడగనూ లేదు. ఆ మాట అడుక్కోవడానికి తనకింకా మొహం లేదనుకుంది.

వదిన తిరిగెళ్ళే రోజు బస్టాండుకి వస్తానని పట్టుబట్టి వెంట వెళ్ళింది. నెమ్మదిగా అడుగులు వేసుకుంటూ వెళ్ళేసరికి బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. వదిన కిటికీ పక్కన కూర్చుని అటు తిరిగింది. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాక ఇటు తిరిగి, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగింది.

"కుట్లు లాగుతున్నాయా?"

"లాగుతున్నాయి వదినా."

"మరి ఎందుకొచ్చావు ఇంత దూరం?" అని కసిరింది. "ఆటోలో వెళ్ళు. గుంతల్లో మెల్లగా పోనివ్వమని చెప్పు వాడికి."