స్వరూపక్క బండికి కొత్త చక్రాలు

స్వరూప మొదట నడిపింది ట్రాక్టరు. జనగామ దగ్గర పల్లెలో వాళ్ల నాయిన లక్ష్మీనర్సయ్యకు నడుం పట్టేసి దుక్కి ఆగిపోయిన ఏడు, పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న పిల్ల తానే ఎక్కి కూర్చుంది. చూడటానికి జనం గట్ల మీద నిలబడ్డారు. సాళ్లు కాస్త వంకర పోయాయి గానీ సాయంత్రానికి చెలక మొత్తం దున్నేసింది. మర్నాడు నాయిన తాళం చెవి ఆమె చేతికే ఇచ్చాడు.

పెళ్లయ్యాక తార్నాక వచ్చింది. భర్త నరహరి యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంటమాస్టర్. చౌరస్తాకు వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. కొన్నాళ్లు ఒక స్కూలు వ్యాను నడిపింది. తర్వాత ఒక పాత చిన్న కారు కొని, పక్క సీటు వైపు కూడా బ్రేకు, క్లచ్ పెట్టించి, వెనక అద్దం మీద ‘స్వరూప డ్రైవింగ్ స్కూల్, ఆడవాళ్లకు మాత్రమే’ అని రాయించింది. పొద్దున్నే క్యాంపస్ రోడ్ల మీద వాకింగ్‌కు వచ్చేవాళ్లకు ఆ తెల్ల బండి బాగా తెలుసు. మిగతా ‘ఎల్’ బోర్డు బళ్లు కనబడితే పక్కకు జరిగేవాళ్లు, ఈ బండి వస్తే మాత్రం చెయ్యి ఊపేవారు. ఎందుకంటే ఆమె అరవదు. బండి ఎక్కడ ఆగిపోయినా, వెనక ఎన్ని హారన్లు మోగినా, “ఏంగాదు మేడమ్, మనకేం రైలు పోతలేదు. మళ్ల స్టార్ట్ చెయ్యుండ్రి” అంటుంది. ఆ ఒక్క మాట కోసమే ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు.

అలాంటి బండికి టైర్లు అరిగిపోయాయి. గాట్లన్నీ పోయి అరచేయిలా నున్నగా అయ్యాయి. వానాకాలం ముంచుకొస్తోంది. మార్చాలి మార్చాలి అనుకుంటుండగానే ఒక రోజు నరహరి, “ఆ పని నాకు ఇడిసిపెట్టు. నువ్వు టైర్ల దుకాణంల అడుగు పెట్టొద్దు” అన్నాడు.

నరహరికి కారు నడపడం రాదు. నేర్పిస్తానని ఆమె ఎన్నిసార్లు అన్నా, “ఇంట్ల ఒక్క డ్రైవర్ చాలు” అని నవ్వి తప్పించుకునేవాడు. కానీ భార్య డ్రైవింగ్ స్కూలు నడుపుతుందని చెప్పుకోవడంలో అతనికున్న సంబరం ఇంతా అంతా కాదు. మెస్సులో ఎవరైనా కొత్త పిల్ల చేరితే, అన్నం వడ్డిస్తూనే, “కారు వచ్చా బిడ్డా? మా ఇంటామె నేర్పిస్తది” అని మొదలుపెట్టేవాడు.

ఆ ఆదివారం అతను బండిని, స్నేహితుడు బుచ్చిబాబును తీసుకుని పోయాడు. బుచ్చిబాబు ఆటో నడుపుతాడు, కారు కూడా వచ్చు, నగరంలో ఏ సామాను ఏ గల్లీలో దొరుకుతుందో నోటికి చెబుతాడు. కాచిగూడ వైపు ఎక్కడో పాత కార్ల సామాను అమ్మే దుకాణానికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం గల్లీలో హారన్ మోగితే స్వరూప బయటికి వచ్చి చూసి నోరు తెరిచింది.

ఆమె ముసలి బండి పెళ్లికొడుకులా నిలబడి ఉంది. నల్లటి ఇనుప చక్రాల చోట వెండిలా మెరిసే అల్లాయ్ రిమ్ములు. వాటి చుట్టూ లావుపాటి కొత్త టైర్లు. బండి కాస్త ఎత్తు పెరిగి ఛాతీ విరుచుకున్నట్టు ఉంది.

“ఎట్లున్నది?” అన్నాడు నరహరి, చేతులు నడుం మీద పెట్టుకుని.

“నిజంగ మన బండేనా?”

“పాతయి ఇచ్చేసి ఇవి తెచ్చిన. చూడంగనే తెలిసిపోయింది, ఇవే మనయి అని. బోల్టుల రంధ్రాలు కూడా కరెక్టుగ కూసున్నయి. నా కండ్లే కొలత.”

మూడు వందల మందికి సాంబారులో ఉప్పు కంటితో చూసి వేసే మనిషి అతను. ఒక్కసారి కూడా తప్పలేదు. స్వరూప చుట్టూ తిరిగి ప్రతి చక్రాన్నీ తడిమి చూసింది. ఇన్నాళ్ల బతుకులో ఆ బండికి ఆయిలు, బ్రేకులు, క్లచ్ ప్లేట్లు, ఇలా అవసరమైనవి తప్ప అందం కోసం ఏదీ కొన్నది లేదు. ఆమె కొనదు, ఎవరూ తేలేదు. “చాయ్ పెడతా ఆగు” అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున మొదటి క్లాసు శైలజ మేడమ్‌ది. మౌలాలి నుంచి వస్తారు, యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెబుతారు. రిటైరయ్యేలోపు ఒక్కసారైనా తన కారు తానే నడుపుకుంటూ డిపార్ట్‌మెంటుకు రావాలని పంతం. మొదట్లో స్టీరింగు ముట్టుకోవడానికే భయపడేవారు. ఇప్పుడు చక్కగా నడుపుతున్నారు. లైసెన్సు పరీక్ష ఆ వారంలోనే ఉంది.

“కొత్త చెప్పులు తొడిగినవే నీ బండికి!” అని మురిసిపోయి ఎక్కారు.

బండి కదిలి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశారు, మళ్లీ ఆగిపోయింది. లైబ్రరీ దగ్గర ఎక్కుడు రోడ్డులో అయితే ఇంజను ఆయాసపడి, దగ్గి, ప్రాణం విడిచినంత పనిచేసింది. ఎలాగో పైకెక్కాక, ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం అభ్యాసం చేద్దామని స్టీరింగు పూర్తిగా తిప్పగానే ముందు చక్రం దగ్గర గర్‌ర్‌మని చప్పుడు. మేడమ్ ఉలిక్కిపడి బ్రేకు తొక్కారు.

“నేనేదో విరగ్గొట్టిన!”

“ఏంగాదు మేడమ్, మళ్ల తిప్పుండ్రి.”

మళ్లీ గర్‌ర్. మళ్లీ బ్రేకు. శైలజ మేడమ్ స్టీరింగు మీంచి చేతులు తీసేసి ఒళ్లో పెట్టుకున్నారు. “నాకు రాదు స్వరూపా. వచ్చిందనుకున్న, అంతే. పరీక్షకు పోను” అన్నారు. క్లాసులో వెనకబడ్డ పిల్లలను ఏళ్ల తరబడి బుజ్జగించిన ఆ మనిషే చిన్నపిల్లలా పెదవి బిగబట్టి కిటికీ వైపు తిరిగారు.

స్వరూప దిగి, మేడమ్‌ను పక్క సీట్లోకి జరగమని, డ్రైవర్ సీట్లోకి వచ్చి తాను తిప్పి చూసింది. అదే చప్పుడు. మొదటి గేరులో బండి బరువుగా, బద్ధకంగా కదిలింది. వంగి చూస్తే టైరు భుజం మీద కొత్త రబ్బరు గీసుకుపోయి ఉంది, లోపల మడ్‌గార్డు ప్లాస్టిక్కు చిరిగి వేలాడుతోంది.

“మేడమ్, దిగి ఇటు రాండ్రి. తప్పు మీది కాదు, చక్రాలది. పరీక్షకు మీరు పోతున్నరు. బండి సంగతి నేను చూసుకుంట.”

మేడమ్ వంగి చూశారు, కానీ పూర్తిగా నమ్మలేదు. తల ఊపి వెళ్లిపోయారు.

మిగతా క్లాసులు మానుకుని స్వరూప సరాసరి తార్నాకలో ఉమాపతి టైర్ల దుకాణానికి పోయింది. ఉమాపతి బండి చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవర్ తలుపు తీసి, చౌకట్టు మీద అతికించి ఉన్న చిన్న స్టిక్కరు చూపించాడు. ఇన్నేళ్లుగా రోజూ తెరిచే తలుపే, ఆమె కన్ను దాని మీద ఎన్నడూ పడలేదు.

“కంపెనీ చెప్పిన సైజు గిది అక్కా. నూటనలభైఐదు, ఎనభై, పన్నెండు. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లల్ల. రెండోది టైరు గోడ ఎత్తు, అంటే వెడల్పుల నూటికి ఎనభై పాళ్లు. మూడోది రిమ్ము, పన్నెండు ఇంచులు. ఇప్పుడు గీ కొత్త దాని మీద చదువు.”

స్వరూప కూర్చుని టైరు పక్కన వేలు పెట్టి చదివింది. “నూటయాభైఐదు, ఎనభై, పదమూడు.”

“చూసినవా? రిమ్ము పెద్దదైంది, గోడ కూడా పెరిగింది. మొత్తం చక్రమే పెద్దగయింది. లోపల జాగ అయితే అంతే ఉన్నది గద, అందుకే రాసుకుంటున్నది. ఇంజనుకు బరువైతది. మీటర్ల చూపించే స్పీడ్ కంటే బండి ఎక్కువ ఉరుకుతది కూడా. నేర్చుకునేటోళ్లకు అది ఇంకా డేంజర్. తీసేసి పాత సైజు రిమ్ములు, టైర్లు ఏసుకో, పీడ పోతది.”

ఆమెకు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ నరహరి కనబడ్డాడు. వెండి రిమ్ము మీద చెయ్యి వేసి అడిగింది: “రిమ్ములు ఇవే ఉంచి, టైర్లు మారిస్తే కాదా?”

ఉమాపతి తల గోక్కున్నాడు. రిమ్ము వెడల్పు, బోల్టులు, బండి బరువు అన్నీ చూశాడు. ముఖం విప్పారింది. “అయితది. రిమ్ము ఒక ఇంచు పెరిగింది కాబట్టి గోడ తగ్గించాలె. నూటయాభైఐదు, అరవైఐదు, పదమూడు ఏస్తే చక్రం మొత్తం ఎత్తు దాదాపు పాతదే వస్తది. ఈ కొత్త టైర్లు నేనే తీసుకుంట, వేరే బండికి పనికొస్తయి. మీ ఆయనను కూడా తోలుకురా, చూపించి ఏద్దాం.”

అదే కష్టమైన పని. మెస్సులో భోజనాలయ్యాక, నరహరి కాస్త తీరిగ్గా ఉండే వేళకు ఆమె బండి తీసుకుని హాస్టల్ ముందుకు పోయింది. అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏంది, ఈ యాళ్ల?”

“ఎక్కు. ఆ పక్క కాదు, ఈ పక్క.”

“నాకెందుకే స్టీరింగు?”

“కొత్త చక్రాలు తెచ్చినోడు నడిపి చూడొద్దా?”

ఆ మాటకు లొంగాడు. ఎక్కి, సీటు ముందుకు జరుపుకుని, స్టీరింగును పప్పు గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. బండి ఎగిరి ఆగిపోయింది. హాస్టల్ కిటికీల్లోంచి ఎవరో ఈల వేశారు. “ఏంగాదు, మళ్ల స్టార్ట్ చెయ్యి” అంది స్వరూప. ఇంకో రెండుసార్లు ఆగాక, ఆమె తన వైపు క్లచ్ పట్టి సాయం చేస్తే బండి నెమ్మదిగా కదిలింది. నరహరి మొహం దీపంలా వెలిగిపోయింది. “పోతున్నదే! నేనే నడుపుతున్న!”

“ఇప్పుడు మొత్తం కుడికి తిప్పు.”

తిప్పాడు. గర్‌ర్.

“రోడ్డు మీద ఏదో ఉన్నది.”

“ఏం లేదు. ఎడమకు తిప్పు.”

గర్‌ర్.

నరహరి మెల్లగా దిగి చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు పెట్టబోయాడు. దూరలేదు. చిరిగిన ప్లాస్టిక్కు పట్టుకుని చాలాసేపు చూశాడు.

“పెద్దగయినయి గదా,” అన్నాడు చివరికి.

“జరంత.”

“జరంత కాదు. చిన్న గంజు మీద గంగాళం మూత పెట్టిన.” తలెత్తకుండానే అడిగాడు, “పొద్దున్నే తెలిసిందా నీకు?”

“తెలిసింది.”

“మరి ఫోన్ చేసి తిట్టకపోతివి?”

“నా బండికి సింగారం చేసినోనివి నువ్వొక్కనివే. ఎట్ల తిడతా?” అని పక్కనే కూర్చుంది. “రిమ్ములు ఎక్కడికీ పోవు. అవి నాకు మస్తు నచ్చినయి. టైర్లొక్కటే మారుద్దాం. దా, నంబర్లు నీకు కూడా చూపిస్త.”

నరహరికి మొదట నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది. వస్తే ఆగలేదు. “కండ్లే కొలత అంటిని!” అని తనను తానే వెక్కిరించుకుంటూ, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఉమాపతి దుకాణంలో అతను ఒక్క నిమిషం కూర్చోలేదు. తాను తెచ్చిన టైరు, ఇప్పుడు వేసేది పక్కపక్కన నిలబెట్టించి చూశాడు, అంకెలు బయటికి చదివాడు, స్టెప్నీ కూడా కొత్త ఎత్తుకు సరిపోతుందా అని అడిగాడు. “మంచి ప్రశ్న అన్నా” అని ఉమాపతి అంటే, మెస్సులో ప్రొఫెసర్లు పులిహోర మెచ్చుకున్నప్పటికంటే ఎక్కువ పొంగిపోయాడు. వెండి రిమ్ములు వెండి రిమ్ముల్లాగే మెరుస్తూ, సన్నటి గోడల టైర్లతో బండి మళ్లీ తన ఎత్తుకు తాను వచ్చింది. చిరిగిన ప్లాస్టిక్కు ముక్క కూడా మార్పించారు.

మర్నాడు శైలజ మేడమ్ రాలేదు. స్వరూప ఫోన్ చేయలేదు, బండి తీసుకుని మౌలాలిలో ఆమె ఇంటి ముందుకే పోయి హారన్ కొట్టింది. మేడమ్ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“ఒక్కసారి, మేడమ్. గీ గల్లీలోనే. నచ్చకపోతే నేను వెళ్లిపోత.”

మేడమ్ కూర్చున్నారు. క్లచ్ వదిలారు. బండి వెన్నలా కదిలింది. గల్లీ చివర స్టీరింగు మొత్తం తిప్పుతూ ఆ చప్పుడు కోసం భుజాలు బిగబట్టారు. ఏ చప్పుడూ లేదు. వీధి చివరి దాకా పోయి, తిరిగి వచ్చి, గేటు ముందు ఆగకుండా ఇంకో చుట్టు వేశారు. “పరీక్షకు రేపు ఎన్ని గంటలకు పోవాలె?” అన్నారు రోడ్డు మీంచి కళ్లు తీయకుండానే. ఆ పరీక్షలో ఎనిమిది అంకె ఒక్క గీతా తొక్కకుండా తిప్పారు. దిగి వచ్చి స్వరూపను అందరి ముందూ గట్టిగా వాటేసుకున్నారు.

స్వరూపకు మాత్రం అప్పటి నుంచి ఒక పిచ్చి పట్టుకుంది. ఎక్కడ కారు ఆగి ఉన్నా టైరు మీద నంబరు చదవందే ముందుకు పోదు. మొన్న గోల్నాకలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు, ఫంక్షన్ హాలు బయట ఒక కారు ముందు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కూర్చుంది. నరహరి సిగ్గుతో అటూ ఇటూ చూస్తూ, “లేవే, చూస్తున్నరు” అని గొణుగుతున్నాడు. అంతలో కారు ఓనరే వచ్చాడు, వెంట భార్య.

“ఏమ్మా, ఏమైంది?”

“ఏం లేదన్నా. ముందు కుడి టైరు ఒక సైజు, ఎడమది ఇంకో సైజు ఉన్నది. బండి ఒక పక్కకు గుంజుతలేదా?”

అతను నోరు తెరిచేలోపే భార్య అందుకుంది. “గుంజుతది! నేను చెప్తనే ఉన్న, ఈయన వింటలేడు. మీకెట్ల తెలుసు?”

“నేను కారు నేర్పిస్త. ఆడవాళ్లకు.”

పూర్ణిమ అనే ఆ ఓనరు భార్య స్వరూప చెయ్యి పట్టుకుని అక్కడే, భోజనాల పిలుపు కూడా పట్టించుకోకుండా, ఫోన్ నంబరు అడిగింది. మగవాళ్లిద్దరూ కారు ముందు వంగి, ఒకరికొకరు టైరు మీది అంకెలు చదివి వినిపించుకుంటున్నారు.