నేపుల్స్ సందుల్లో ఎమ్మిగనూరు శ్రీనివాసు

ఎమ్మిగనూరు శ్రీనివాసు తొమ్మిదో తరగతి సగంలో బడి ఎగ్గొట్టి గుంట మగ్గంలో కూర్చున్నవాడు. ముప్పై దాటాక ఓడెక్కాడు. విహారయాత్రల ఓడ అడుగున దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పని. ఆ దుప్పట్లన్నీ పరిస్తే ఆదోని నుంచి ఆస్పరి దాకా తారు రోడ్డు కనబడదని ఇంటికి ఫోన్ చేసి చెప్పేవాడు. అంతటితో ఆగితే శ్రీనివాసు ఎట్లా అవుతాడు? తన కింద యాభై మంది పనిచేస్తున్నారనీ, తనను అడగందే కెప్టెన్ లంగరెత్తడనీ కూడా చెప్పాడు.

నిజానికి ఆ ఆవిరిలో అతడికి ఊపిరాడదు. ఈ ఒప్పందం ముగిస్తే ఇంటికి పోయి మళ్లీ మగ్గంలో కాళ్లు పెట్టాలని ఉంది. అందుకే వచ్చేటప్పుడు ఆఖరి చీర కోసి, పోగులు దూర్చే అచ్చులో జానెడు పాత నిలువు పోగుల పడుగు అట్లాగే వదిలి వచ్చాడు. కొత్త పడుగును ఆ పాత పోగులకే ఒక్కొక్కటిగా మెలేసి అతుకుతారు నేతగాళ్లు. ఆ జానెడు ఉన్నన్నాళ్లూ మగ్గం బతికున్నట్టే.

తమ్ముడు సురేష్ ఆ గుంట పూడ్చి కిరాణా అంగడి పెడతానన్నాడు. నేపుల్స్‌లో దిగంగానే ఫోన్ చేసి ఏదో ఒక మాట చెబుతానని, అందాకా ఆగమని శ్రీనివాసు అన్నాడు.

దిగాడు, చేయలేదు. మగ్గం ఉంచమంటే ఎందుకని అడుగుతాడు తమ్ముడు. అప్పుడు ఆ యాభై మందిని ఎక్కడ దాచాలి? వంటగదిలో పనిచేసే నందవరం సామ్సన్‌ను వెంటేసుకుని ఊరు చూడ్డానికి నడిచాడు. రేవు పక్కనే పాతకాలపు కోట చూశారు. చర్చిలో సామ్సన్ మోకరిల్లితే ఇతడు గడపలో నిలబడి జేబులోని ఫోన్‌ను తడుముకున్నాడు. నల్లరాళ్లు పరిచిన సందుల్లోకి దిగితే మేడ నుంచి మేడకు తాళ్లు, తాళ్ల నిండా ఆరేసిన దుప్పట్లు.

"ఏందన్నా, ఓడ దిగినా నీ నెత్తిన బట్టలేనా?" అన్నాడు సామ్సన్.

ఒక అంగడి ముందు వేలాడుతున్న గుడ్డను శ్రీనివాసు అలవాటు కొద్దీ తిరగేసి, వెనకవైపు పోగును గోటితో గీరి చూశాడు. చేనేతే. అంగడామె విసురుగా లాక్కుంది. తప్పయిందని చేతులు జోడించి పక్కకొచ్చాడు గానీ వేళ్లకు ఆ నేత తగిలాక ఉండబట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని వెనక్కి నడిచి, సామ్సన్ పక్కన చర్చి మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాడు.

అప్పటికి ఎమ్మిగనూరులో పొద్దు గూకింది.

"పొద్దున్నుంచి సూసినా అన్నా," అన్నాడు సురేష్. "మేస్త్రీ వచ్చి కూసున్యాడు. యాభై మందిని ఏలేటోడు మల్లా ఈ గుంతలో యాడ దిగుతాడులే అనుకున్యా. పడుగు కోసేసినా. మన్ను గూడా పోసినారు. తప్పు సేసినానా?"

శ్రీనివాసు ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"లేదురా. మంచి పని చేసినావు."

ఊరెట్లుందని తమ్ముడు అడిగాడు. కోట గుమ్మం ఎంత పెద్దదంటే ఓడ ఓడే దూరిపోతుందని చెప్పాడు శ్రీనివాసు. అటువైపు ఇంటిల్లిపాదీ నవ్వడం వినబడింది.

తిరిగి రేవుకు నడుస్తుంటే సామ్సన్, "ఇంగ ఊరికి పోవా అన్నా?" అన్నాడు.

"పోయి ఏం నేస్తా?" అన్నాడు శ్రీనివాసు. ఓడెక్కి, బట్టలు మార్చుకుని, ఆవిరి గదిలోకి దిగాడు.