పది అడుగులకొకసారి కూర్చునే మనిషి

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా అన్న కూతురు హైదరాబాదు నుంచి ఫోను చేసి ఒక సందేహం అడిగింది. ఆఫీసు స్నేహితులంతా శనివారాలు బల్ల చుట్టూ చేరి ఒక కథల ఆట ఆడతారు, అందులో కథ నడిపేది ఈ పిల్లే. తక్కినవాళ్ళు యోధుడనీ మంత్రగాడనీ తలా ఒక పాత్ర తెచ్చుకుంటే, ఒకబ్బాయి మాత్రం ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడని మనిషిని తెచ్చాడట, ఎంత చెప్పినా మార్చుకోనంటున్నాడట. "ఆటంతా వాడి దగ్గరే ఆగిపోతాంది అత్తా, నేనే ఆ పాత్రను మార్చేస్తే ఏమన్నా అనుకుంటాడా" అని అది నవ్వుతూ అడుగుతుంటే, నేను గిల్లుతున్న చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. సాయంత్రం చెబుతానని ఫోను పెట్టేశాను. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ముప్పయ్యేళ్ళుగా ఉంది, ఆ పిల్లకు చెప్పే ధైర్యమే లేదు.

నా వయసువాళ్ళకు, మార్కాపురంలో ఆ రోజుల్లోనే ఇలాంటి ఆట ఆడామంటే నమ్మబుద్ధి కాదు. నేనప్పుడు గిద్దలూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతులమ్మను, శనివారం బడి వదలగానే పాసింజరెక్కి ఇంటికి వచ్చేదాన్ని. బెంగుళూరులో చదువుతున్న మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు, ఒక సెలవుల్లో ఆట నియమాలన్నీ జిరాక్సు తీయించి తెచ్చాడు. ఒకరు కథ చెప్పాలి, తక్కినవాళ్ళు తలా ఒక మనిషై ఆ కథలో నడవాలి, ఏదైనా తేలాలంటే పాచికలు వెయ్యాలి. ఆ ఇరవై ముఖాల పాచికలు మాకెక్కడివి, మా వదిన అష్టాచెమ్మా గవ్వలు నాలుగు తీసి ముందర పెట్టింది. కాగితాల బదులు అన్న తను పనిచేసే పలకల యూనిట్లో మూల విరిగి పక్కన పడేసిన పలకలు నాలుగు తెచ్చాడు, పాత్ర పేరూ బలమూ బలహీనతా బలపంతో వాటి మీదే రాసుకున్నాం. బడిపిల్లలకు కథలు చెప్పే అలవాటుందని కథ నడిపే పని నాకు అంటగట్టారు.

పలకల ఊరు గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా నాయన పలకరాయి కోసే మిషను మీదే బతికాడు, ఆయాసం వచ్చి యాభై నిండకుండానే పోయాడు, ఆ మిషను ముందరే ఆయన కూర్చున్న చోటనే మా అన్న కూర్చున్నాడు. వారమంతా ఇంట్లో చెంబుల మీదా చెట్ల ఆకుల మీదా సన్నటి బూడిదరంగు పొడి ఉండేది. మా వీధిలో దగ్గు వినబడితే మనిషి ఇంటికొచ్చాడని అర్థం, అంతకు మించి అర్థమేమీ లేదు. ఏ దగ్గు ఎవరిదో మా అమ్మ పొయ్యి దగ్గర నుంచే పోల్చుకుని అన్నం వడ్డించేది. వానకు తడిసి జలుబు చేసినవాడిని నలుగురూ పలకరించేవారు గానీ, రోజూ దగ్గేవాడిని ఎవరూ ఎందుకని అడిగేవారు కాదు. మేమూ అడగలేదు.

మిషన్లు ఆగే ఆదివారం మధ్యాహ్నాలు మేం ఆటకు కూర్చునేవాళ్ళం. నేను అల్లిన కథలో ఒక అడవి, దాని నడుమ ఒక కొండ, కొండ మీద పాడుబడిన కోట, మూడు రోజుల్లో అక్కడికి చేరకపోతే కింద ఊరికి కీడు జరుగుతుంది. తమ్ముడు కత్తివీరుడు. వదినకు అప్పుడు ఆరో నెల, ఆ కడుపుతోనే గోడలు దూకే దొంగ వేషం ఎంచుకుని మమ్మల్ని నవ్వించి చంపేది. అన్న మాత్రం వారం గడువు అడిగాడు. ఆ వారంలోనే మిషను బ్లేడు కోసమని కర్నూలు వెళ్ళి, దొరకలేదని ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. వచ్చాక పలక మీద తన మనిషిని రాసి నా చేతికిచ్చాడు. అడవిలో బాటలన్నీ తెలిసినవాడు, చేత ఆయుధం ఉండదు, పది అడుగులకొకసారి కూర్చోవాలి, గవ్వలు బోర్లా పడితే ఇక ఆ పూటకు లేవలేడు. బలపం ఎంత గట్టిగా నొక్కాడో గానీ అక్షరాలు చేతికి తగిలేవి.

తమ్ముడికి చిర్రెత్తుకొచ్చింది. "ఇదేందన్నా, ఇట్లయితే మనం కొండెక్కేదెప్పుడు?" అన్నాడు. "ఎక్కినంత దూరం ఎక్కుదాం లేరా. ఆ పైన నా మనిషి బాట గీసిస్తాడు, మీరు పోండి" అన్నాడు అన్న.

ఈ మనిషిని కథలో ఇమడ్చడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. గాడిదను ఇచ్చాను, గాడిదెక్కితే కింద బాట గుర్తులు కనపడవన్నాడు. కత్తివీరుడి వీపున ఎక్కించాను, ఒకరి వీపున ఎన్నాళ్ళని బతుకుతాడన్నాడు. చివరికి బండసందులో ఒక ఊట పుట్టించి, ఆ నీళ్ళు తాగితే ఎంతటి రోగమైనా పోతుందని చెప్పాను. అన్న గవ్వలు చేతిలో ఆడిస్తూ, "తాగినాడు పాపా, తగ్గలే. వాళ్ళ నాయన గూడా అవే నీళ్ళు తాగినాడు" అన్నాడు. వదిన నవ్వుతున్నదల్లా ఆగి అతని వైపు చూసింది. నాకు ఒళ్ళు జలదరించిన మాట నిజం, కానీ కథ నడిపేదాన్ని కదా, ఆటకు భయం బాగా పట్టిందని లోలోపల సంతోషించాను. ఇన్నేళ్ళుగా నన్ను నేను తిట్టుకునేది ఆ సంతోషానికే.

మూడో ఆదివారానికి కథ కొండ మొదట్లోనే ఉంది. తమ్ముడి సెలవులు అయిపోవస్తున్నాయి. నాకు విసుగొచ్చి, బడిలో పిల్లల పలక లాక్కున్నట్టే అన్న పలక లాక్కుని, తడిగుడ్డతో బలహీనత చెరిపేసి, దాని మీద నా గుండ్రటి అక్షరాలతో 'పూర్తి ఆరోగ్యం' అని రాసిచ్చాను. అన్న దాన్ని చదువుకున్నాడు. "నీ చేతిలో పని గదమ్మా, తుడిస్తే పోయింది" అని నవ్వాడు. ఆ పూట అతని మనిషి అందరికంటే ముందు పరిగెత్తి కొండెక్కాడు, కోట తలుపు తోశాడు, ఊరు బతికింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆట ముగిశాక మిద్దె మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్ళిన అన్న మెట్ల నడుమ కూర్చుని ఉండటం చూశాను. అలసిపోయాడనుకున్నాను, మంచినీళ్ళు ఇచ్చాను.

ఆ తరవాత పద్నాలుగు నెలలు అతను అదే మిషను మీద రాయి కోశాడు. ఇప్పుడు ఫోను చేసిన ఈ పిల్ల పుట్టింది, పాకింది, గోడ పట్టుకుని నిలబడింది. నడక రాకముందే అతను పోయాడు. కర్మలన్నీ అయ్యాక వదిన బియ్యం డబ్బా జరిపితే గోడకూ డబ్బాకూ మధ్య కర్నూలు డాక్టరు తీయించిన ఎక్స్‌రే కవరు దొరికింది. తేదీ చూశాను. బ్లేడు కోసమని వెళ్ళిన రోజే. మిషను మానెయ్యమని ఆ డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు. నాయన చావు చూసినవాడు, కడుపుతో ఉన్న పెళ్ళానికి ఆ మాట చెప్పలేక, ఆట పేరు పెట్టి మా ముగ్గురి ముందూ మూడు ఆదివారాలు చెప్పాడు. అప్పుడే మిషను మాన్పించి ఉంటే బతికేవాడని నేను అనలేను, ఆ డాక్టరూ అనలేదు. ఇంకొన్నాళ్ళైనా ఉండేవాడేమో, బిడ్డ నడవడం చూసేవాడేమో.

ఇప్పుడు బడుల్లో పలకలు లేవు. మా ఊరి రాయి నేలకూ గోడలకూ పరిచే బండలై ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతోంది. కొన్ని యూనిట్లలో రాయి మీద నీళ్ళు చల్లుతూ కోస్తున్నారు, మూతికి గుడ్డలు కట్టుకుంటున్నారు, ఎండ ముదిరితే అవి మెడలోకి దిగుతున్నాయి. ఆటకు పాచికలు ఫోనులోనే దొర్లుతాయని మా పిల్ల చెబుతుంది. మారిన వాటిలో మంచివి చాలానే ఉన్నాయి. అయినా బల్ల చుట్టూ కూర్చున్న నలుగురిలో ఒకడు చెప్పుకోలేనిదేదో మోసుకొచ్చి కూర్చుంటే, ఆట సాగడం లేదని విసుక్కునేది మాత్రం ఇప్పటికీ ఉంది.

వాళ్ళ నాన్న ఆట గురించి మా పిల్ల చిన్నప్పటి నుంచీ ఎన్నోసార్లు చెప్పించుకుంది. అందరికంటే ముందు కొండెక్కాడనే చెప్పాను ప్రతిసారీ.

సాయంత్రం బీరువాలోంచి ఆ పలక తీశాను. నా అక్షరాలు ఎప్పుడో మాసిపోయాయి. కిటికీ దగ్గర ఎండకు వంచి చూస్తే, అన్న నొక్కి రాసిన గీతలు మాత్రం రాతిలో అట్లాగే ఉన్నాయి. ఫోను చేసి, ఆ అబ్బాయి పాత్రను మార్చవద్దనీ, ఈ శనివారం ఆట అయ్యాక వాడిని ఒక్కడినే టీకి తీసుకెళ్ళి ఏం జరిగిందో అడగమనీ చెప్పాను. ఎందుకత్తా అంది. కూర్చోవే, మీ నాన్న సంగతి ఒకటి నీకు తప్పు చెప్పాను అన్నాను.